రిపోర్టులో ఆ చుక్క గుర్తు మావాడే

అమెరికాలో మా చిన్న ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ రిపోర్ట్ కార్డు మొదటిసారి తెరిచి చూసిన రోజు మూడో గ్రేడ్ రీడింగ్ పట్టికలో ఒక వరుస దగ్గర ఆగిపోయాను. తెల్లవాళ్ల పిల్లల్లో ఇంత శాతం పాసయ్యారు, ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లల్లో ఇంత శాతం అని వరసగా అంకెలున్నాయి, ‘ఏషియన్’ అన్నచోట మాత్రం అంకె లేదు, చుక్క గుర్తు పెట్టి వదిలేశారు. పిల్లలు మరీ తక్కువమంది ఉంటే ఎవరి మార్కులెన్నో బయటపడిపోతాయి కాబట్టి ఫలితం చూపించడం లేదని అడుగున చిన్న అక్షరాల్లో రాసుంది. ఆ గ్రేడ్‌లో ఏషియన్ అంటే మావాడొక్కడే. లాప్‌టాప్ మా ఆయన వైపు తిప్పి ‘ఇదిగో మీ సుపుత్రుడు’ అన్నాను. ‘బాత్రూం తలుపు కూడా వేసుకోని వెధవకి ఇంత ప్రైవసీనా’ అన్నాడు.

ఈ ఊరికి మేం ఎలా వచ్చామో చాలామంది తెలుగు డాక్టర్ల ఇళ్లల్లో తెలిసిన కథే. జే1 వీసా మీద రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో డాక్టరు ట్రైనింగు, చేసినవాళ్లు రెండేళ్లు వెనక్కి వెళ్లి ఉండాలి, అలా వెళ్లకూడదనుకుంటే డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేయాలి. ఆ మినహాయింపుని కాన్రాడ్ 30 అంటారు, రాష్ట్రానికి ఏడాదికి 30 మందికే ఇస్తారు. మూడేళ్లు ఎప్పుడో అయిపోయాయి, మేం ఇంకా ఇక్కడే ఉన్నాం. ఒక ట్రాఫిక్ లైటు, ఒక ఎలిమెంటరీ స్కూలు, ఏడు నుంచి పన్నెండు వరకు ఇంకో బిల్డింగు, అంతే మా డిస్ట్రిక్ట్. పేరుకి డిస్ట్రిక్ట్ అంటారు గానీ మన జిల్లాలాంటిది కాదు. దానికి ఓట్లేసి ఎన్నుకున్న సొంత బోర్డు, సొంత సూపరింటెండెంటు, ఇళ్ల మీద, పొలాల మీద వేసే ప్రాపర్టీ టాక్స్ నుంచి వచ్చే సొంత డబ్బు ఉంటాయి. అమెరికాలో ఇలాంటివి 13,000కు పైనే ఉన్నాయి, వాటిలో కాస్త అటూ ఇటూగా సగం చోట్ల వెయ్యిమంది పిల్లలు కూడా ఉండరు. మన వార్తల్లో కనిపించే పెద్ద పెద్ద సబర్బన్ డిస్ట్రిక్టులు చూసి, చిన్నవి కూడా వాటిలాగే ఉంటాయి, పిల్లలే తక్కువ ఉంటారు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను, కమిటీలో కూర్చునేదాకా.

ఆ కమిటీ సంగతి. రీడింగ్‌లో, మాథ్స్‌లో స్కోర్లు పడిపోయాయి కాబట్టి ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ రాయాలి, పేరెంట్స్ తరఫున ఒకరు కావాలి అని ఈమెయిల్ వచ్చింది. 2015లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం మూడు నుంచి ఎనిమిదో గ్రేడ్ వరకు ఏటా, హైస్కూల్లో ఒకసారి రీడింగ్, మాథ్స్ టెస్టులు పెట్టాలి. పేద పిల్లల కోసం ఇచ్చే టైటిల్ 1 డబ్బు తీసుకునే స్కూళ్లలో అట్టడుగు 5 శాతాన్ని రాష్ట్రం గుర్తించాలి, ఆ స్కూళ్లు టీచర్లతో, తల్లిదండ్రులతో కలిసి ప్లాన్ రాసుకోవాలి. మాది అట్టడుగు 5 శాతంలో లేదు, కానీ ఇలాగే ఉంటే ఆ దారిలోనే ఉన్నామని బోర్డుకి టెన్షన్ పట్టుకుంది. నాకు డేటా పని తెలుసు కదా, ఏదో సాయం చేద్దాం అని సరేనన్నాను. మీటింగుకి ఒక్క తండ్రీ రాలేదు. తల్లి అంటే నేనొక్కదాన్నే.

చేతికి ఒక డ్రాఫ్ట్ ఇచ్చారు. మందంగా ఉంది, రంగురంగుల బాణాలున్నాయి, ఎక్కడో పెద్ద డిస్ట్రిక్టుకి రాసిన దాన్ని తెచ్చి పేరు మార్చారని రెండో పేజీలోనే తెలిసిపోయింది, ఎందుకంటే అందులో ‘ప్రతి స్కూల్లోని మాథ్స్ డిపార్ట్‌మెంట్’ అని ఉంది. మా హైస్కూల్లో మాథ్స్ డిపార్ట్‌మెంట్ అంటే ఒక మనిషి. మొదటి లక్ష్యం ఇలా ఉంది: మూడో గ్రేడ్ రీడింగ్‌లో పాసయ్యేవాళ్లని 6 శాతం పెంచాలి.

నేను చెయ్యెత్తి, తరగతిలో ఇరవైమంది ఉన్నారనుకుందాం, ఒక్కొక్కళ్లూ 5 శాతం, మరి 6 శాతం అంటే ఎంతమంది అని అడిగాను. ఒక పిల్లాడూ, ఇంకో పిల్లాడి చెయ్యీ. కాసేపు నవ్వారు. ఆ తర్వాత సూపరింటెండెంటు, ఆయన మంచివాడే, ఆయనే బస్సుల ఇన్‌చార్జి కూడా, డ్రైవరు రాకపోతే పొద్దున్నే ఆయనే బస్సు తోలతాడు, తల గోక్కుని ‘రాష్ట్రం ఫారంలో శాతమే అడిగింది’ అన్నాడు.

శాతాలతో ఉన్న గొడవ నవ్వులాటకి చెప్పడం లేదు. ఇరవైమంది క్లాసులో ముగ్గురు ఊరు వదిలి వెళ్లి వేరే ముగ్గురు వచ్చారంటే 15 శాతం అటో ఇటో అయిపోతుంది. ఆ ఏడు టీచరు బాగా చెప్పిందా, చెప్పలేదా అన్నదానితో సంబంధమే ఉండదు. రెండేళ్ల కిందట మా ఊళ్లో స్కోరు పెరిగిందని బోర్డు మీటింగులో చప్పట్లు కొట్టి కేకు కోశారట, మరుసటి ఏడు అదే టీచరు, అవే పుస్తకాలు, స్కోరు పడింది, ఆవిడని పిలిచి సంజాయిషీ అడిగారట. థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు నార్త్ కరోలినా స్కూళ్ల మార్కులు తీసుకుని 2002లో దీని గురించే రాశారు. అందరికంటే బాగా చేసిన స్కూళ్ల లిస్టులో చిన్న స్కూళ్లే ఎక్కువ, మరీ అధ్వానంగా చేసిన లిస్టులోనూ చిన్నవే ఎక్కువ. నాణెం నాలుగుసార్లు ఎగరేస్తే నాలుగూ బొమ్మే పడొచ్చు, నాలుగొందలసార్లు ఎగరేస్తే పడదు కదా, అదే లెక్క. పైలిస్టు మాత్రమే చూసినవాళ్లకి చిన్న స్కూలంటే గొప్ప స్కూలని అనిపిస్తుంది. గేట్స్ ఫౌండేషన్ హైస్కూళ్లను బాగుచేయడానికి రెండు బిలియన్ డాలర్లు పెట్టింది, అందులో చాలాభాగం పెద్దవాటిని చిన్నచిన్న స్కూళ్లుగా చేయడానికే. 2009లో బిల్ గేట్స్ తన ఉత్తరంలో తామే ఒప్పుకున్నారు, ఆ చిన్న స్కూళ్లలో చాలావాటిలో చదువు పెద్దగా మెరుగుపడలేదని. అంత డబ్బు, అంతమంది తెలివైనవాళ్లు ఉన్నచోటే ఇలా అయితే, మా ఊరి బోర్డు ఒక కేకు కోస్తే ఏమనగలం.

కమిటీలో ఒక రిటైర్డ్ టీచరు ఉన్నారు, ముప్పై ఏళ్లు ఫస్ట్ గ్రేడ్ చెప్పినావిడ, ఊళ్లో సగంమందికి అక్షరాలు దిద్దబెట్టింది ఆవిడే. అప్పటిదాకా మాట్లాడలేదు. ‘శాతం ఎందుకు, పేర్లు రాసుకుందాం. ఎవరు చదవలేకపోతున్నారో ఇక్కడున్న టీచర్లకి తెలుసు, ఎక్కడ ఆగిపోయారో కూడా తెలుసు’ అన్నారు. ఆ మాట అన్నాక ఆ రంగుల బాణాల డ్రాఫ్టుని ఎవరూ మళ్లీ ముట్టుకోలేదు. పెద్ద డిస్ట్రిక్టు చేయలేని పని ఇదొక్కటే మాకుంది, యాభైవేలమంది పిల్లల్ని పేర్లతో తలుచుకోవడం ఏ సూపరింటెండెంటు వల్లా కాదు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అదీ చెప్పాలి. చిన్న ఊళ్లో టీచరుకి పిల్లాడితోపాటు వాళ్ల నాన్న కూడా తెలుసు, వాళ్ల నాన్న ఆరో గ్రేడ్‌లో ఏం చేశాడో కూడా గుర్తుంటుంది. ‘ఆ ఇంట్లో ఎవరికీ చదువు అబ్బలేదు’ అని ఒక స్టాఫ్ మెంబరు అదే మీటింగులో చాలా ప్రేమగానే అన్నది. నాకు ఒళ్లు మండింది, కానీ కొత్తదాన్ని కదా, నోరు మూసుకున్నాను. ఇప్పటికీ ఆ రోజు ఎందుకు అనలేదా అనుకుంటాను.

అసలు చదవడం ఎందుకు రావట్లేదు అన్నది నాకు చాలా రోజులు అర్థంకాలేదు. మనకి తెలుగులో గుణింతాలు వస్తే పుస్తకం వచ్చేసినట్టే, అర్థం తెలియకపోయినా ఏ మాటనైనా పైకి చదివేస్తాం, ‘కి’ ఎప్పుడైనా ‘కి’నే. ఇంగ్లీషులో ‘దో’ (though), ‘త్రూ’ (through), ‘టఫ్’ (tough) మూడిట్లోనూ చివర అవే నాలుగు అక్షరాలు, మూడు రకాల చప్పుళ్లు. అలాంటి భాషకి అక్షరానికీ చప్పుడుకీ ఉన్న సంబంధాన్ని పద్ధతిగా, వరసగా నేర్పాలి అనేది 2000లోనే నేషనల్ రీడింగ్ ప్యానెల్ అని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చి చెప్పింది. అయినా చాలా స్కూళ్లలో మొన్నమొన్నటిదాకా పిల్లలకి ఊహించడం నేర్పారు. మాట తెలియకపోతే బొమ్మ చూడు, వాక్యంలో ఏది సరిపోతుందో ఆలోచించు, మొదటి అక్షరం చూసి చెప్పు. ‘హార్స్’ అని రాసి ఉంటే బొమ్మ చూసి ‘పోనీ’ అని చదివినా ఫరవాలేదు, అర్థం దగ్గరగానే ఉంది కదా అనేవాళ్లట. మావాడు కిండర్‌గార్టెన్‌లో అలాగే చదివేవాడు, ఎంత బాగా చదువుతున్నాడో అని వీడియోలు తీసి అమ్మకి పంపాను. పుస్తకంలో బొమ్మల మీద చెయ్యి అడ్డం పెట్టి చదవమంటే ఒక్క లైను రాలేదు. ఆ సాయంత్రం నా కడుపులో ఏదో తిప్పినట్టయింది, తర్వాత వేసవంతా ఇంట్లో కూర్చోబెట్టి నేర్పించుకున్నాను. అలా కూర్చోబెట్టే తీరిక నాకుంది, రెండు షిఫ్టులు చేసే తల్లికి ఎక్కడుంటుంది.

ఇక్కడే మిసిసిపీ పేరు వస్తుంది, ఈ మధ్య ఏ బోర్డు మీటింగులో చూసినా ఆ పేరే. నాలుగో గ్రేడ్ రీడింగ్‌లో 2013లో ఆ రాష్ట్రం దేశంలో 49వ స్థానంలో ఉండేది. అదే ఏడు చట్టం చేశారు, 2019కి జాతీయ సగటుని అందుకుంది, 2024కి 9వ స్థానానికి వచ్చింది. అందరూ చెప్పేది మూడో గ్రేడ్‌లో చదవడం రాకపోతే పైక్లాసుకి పంపరు అన్న రూలు గురించే, ఎందుకంటే చెప్పుకోవడానికి అది తేలిక. మా బోర్డు మెంబరు ఒకాయన కూడా ‘మనమూ ఆపేద్దాం’ అన్నాడు. ఆ రూలుకి ముందు వాళ్లు చేసింది ఎవరూ చెప్పరు: టీచర్లందరికీ చదవడం ఎలా నేర్పాలో మళ్లీ ట్రైనింగు, బాగా వెనకబడిన స్కూళ్లకి రాష్ట్రమే జీతమిచ్చి పంపిన రీడింగ్ కోచ్‌లు, కిండర్‌గార్టెన్ నుంచి ఏడాదికి మూడుసార్లు స్క్రీనింగు. అవి లేకుండా పిల్లాణ్ణి ఆపడమంటే, వాడికి అర్థంకాని పాఠాన్నే ఇంకో ఏడు వినిపించడం. పైగా మిసిసిపీలో ఎనిమిదో గ్రేడ్ స్కోర్లు నాలుగో గ్రేడ్‌లా ఎగబాకలేదు, ఆ సంగతి కూడా పక్కన పెట్టుకుని మాట్లాడాలి. చివరికి మా ప్లాన్‌లో ఫెయిల్ చేసే రూలు పెట్టలేదు, స్క్రీనింగు పెట్టాం. ఆ స్క్రీనింగు చూడ్డానికి చాలా చిన్నది, పిల్లాడు ఒక్క నిమిషం పైకి చదవాలి, టీచరు తప్పులు లెక్కపెట్టుకుంటుంది. చిన్నపిల్లలకైతే అర్థంలేని మాటలు ఇస్తారు, బొమ్మ చూసి ఊహించడానికి వీల్లేకుండా.

అటెండెన్స్ గురించి ఒక మాట. బడి ఉన్న రోజుల్లో పదోవంతు మానేస్తే ‘క్రానిక్’ అంటారు, 180 రోజుల బడిలో 18 రోజులు, అంటే నెలకి రెండు రోజులు మానేసినా చాలు. దేశం మొత్తం మీద కోవిడ్‌కి ముందు 15 శాతం పిల్లలు అలా ఉంటే 2021-22లో 28 శాతానికి వెళ్లింది. డ్రాఫ్టులో దీనికి పరిష్కారం ‘అవగాహన పోస్టర్లు’. సూపరింటెండెంటు పేరు చెప్పకుండా ఒక పిల్లాడి సంగతి చెప్పాడు (పేరు చెప్పకపోయినా ఈ ఊళ్లో ఎవరికి తెలియదు, అయినా చెప్పలేదు). తల్లి నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ, ఇంటికి వచ్చేసరికి బస్సు వెళ్లిపోతుంది, చిన్నవాడు ఒక్కడే చీకట్లో హైవే దాకా నడిచి నిలబడాలి, కాబట్టి చలికాలంలో వారానికి ఒకటి రెండు రోజులు మానేస్తున్నాడు. బస్సు రూటు తిప్పి రాస్తే ఆ ఇంటికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్తుంది. తిప్పారు. దానికి ప్లానూ అక్కర్లేదు, కమిటీ కూడా అక్కర్లేదు, బస్సు తోలే మనిషే సూపరింటెండెంటు అయితే చాలు.

డబ్బు సంగతికి వస్తే, కోవిడ్ తర్వాత ఫెడరల్ ప్రభుత్వం మూడు విడతల్లో స్కూళ్లకి ఇచ్చింది దాదాపు 190 బిలియన్ డాలర్లు, చివరి విడతలో కనీసం 20 శాతం వెనకబడిన చదువు కోసమే వాడాలన్నారు. ఆ డబ్బుతో మా దగ్గర ఇద్దరు ట్యూటర్లని పెట్టారు, పిల్లలకి నిజంగానే ఉపయోగపడింది. 2024 సెప్టెంబర్ 30తో గడువు అయిపోయింది, ట్యూటర్లూ వెళ్లిపోయారు. కొన్న సాఫ్ట్‌వేర్ మాత్రం ఉంది. పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వారానికి ఇన్ని నిమిషాలు అని దాని ముందు కూర్చుంటారు, మావాడు జవాబులు చూడకుండానే క్లిక్ చేసి ఎలా ముందుకెళ్లాలో కనిపెట్టేశాడు. ట్యూటరింగ్ పనిచేయాలంటే వారానికి కనీసం మూడుసార్లు, అరగంట చొప్పున, ముగ్గురు నలుగురు పిల్లలకి మించకుండా, బడి టైములోనే, అదే మనిషి రావాలి అని దీని మీద పనిచేసినవాళ్లు చెప్తారు. అంటే మనుషులు కావాలి, మా ఊళ్లో లేనిది అదే.

మాథ్స్‌ది కూడా అదే కథ, ఇంకా ఘోరం. హైస్కూల్లో ఉన్న ఒక్క మాథ్స్ టీచరు జూన్‌లో పక్క కౌంటీకి వెళ్లిపోయింది, అక్కడ జీతం ఎక్కువ, ఆవిణ్ణి తప్పుపట్టలేను. ఆగస్టులో బడి తెరిచేసరికి ఎవరూ దొరకలేదు. హిస్టరీ చదివిన ఒక సబ్‌స్టిట్యూట్ ఆల్జీబ్రా చెప్తున్నాడు, పాపం రాత్రి తను నేర్చుకుని పొద్దున్న పిల్లలకి చెప్తున్నాడు. మా పెద్దది సాయంత్రం ఇంటికొచ్చి ‘ఇవాళ మేమే సార్‌కి చెప్పామమ్మా’ అంటుంది. డ్రాఫ్టులో మాథ్స్ లక్ష్యం కింద ఈ ఖాళీ గురించి ఒక్క ముక్క లేదు. నేను అడిగితే ‘అది హెచ్ఆర్ సంగతి, అకడమిక్ ప్లాన్‌లోకి రాదు’ అన్నారు. మాథ్స్ చెప్పే మనిషి లేకపోవడం అకడమిక్ సంగతి కాకపోతే ఇంకేది అవుతుందో నాకు తెలియలేదు, ఈసారి మాత్రం నోరు మూసుకోలేదు.

నిజం చెప్పాలంటే దీనికి తేలికైన దారి లేదు. వారానికి నాలుగు రోజుల బడి పెడితే టీచర్లు వస్తారని ఒక ఆలోచన, కొలరాడోలో సగానికి పైగా డిస్ట్రిక్టులు అలాగే నడుస్తున్నాయి. మా బోర్డులో ఇద్దరికి అది చాలా ఇష్టం. నాకు ఇష్టం లేదు. ఐదో రోజు పిల్లలెక్కడ ఉంటారు, బడిలో తినే తిండి మీద ఆధారపడిన పిల్లలు ఆ రోజు ఏం తింటారు, పైగా పాఠాల గంటలు తగ్గినచోట మార్కులు తగ్గినట్టే చూశారు. ఇంకో దారి, న్యూయార్క్‌లో బోసెస్ అనీ, అయోవాలో ఏఈఏ అనీ చిన్న డిస్ట్రిక్టులన్నీ కలిసి వాడుకునే సంస్థలుంటాయి, వాటిలాగా పక్క రెండు డిస్ట్రిక్టులతో కలిసి ఒక టీచర్ని పెట్టుకోవడం. మూడోది నాకు అన్నిటికన్నా నచ్చింది. మా స్కూళ్లలో ‘పారా’లుగా పనిచేసేవాళ్లు, క్లాసులో టీచరుకి సాయంగా ఉండేవాళ్లు, ఈ ఊరివాళ్లే. వాళ్లు జీతం తీసుకుంటూనే చదువుకుని టీచర్లయ్యేలా చేయడం. 2022లో టెన్నెస్సీ దీన్ని ఫెడరల్ అప్రెంటిస్‌షిప్‌గా మొదలుపెట్టింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ఊళ్లో ఇల్లున్న మనిషి పక్క కౌంటీకి అంత తేలిగ్గా పోదు. కాకపోతే నాలుగేళ్లు పడుతుంది, మా పెద్దదానికి అందదు. ఆ మాట అనుకుంటే దిగులుగానే ఉంటుంది.

ప్లాన్ చివరికి ఆరు పేజీలయింది. రాష్ట్రం ఫారంలో శాతం గడి ఉంది కాబట్టి అందులో ఏదో అంకె వేశారు. అసలు పని మాత్రం నెలకోసారి ఒక్కో గ్రేడ్ టీచర్లు, ప్రిన్సిపాల్, ఆ రిటైర్డ్ టీచరు కూర్చుని ఒక్కో పిల్లాడి పేరు తీసి, స్క్రీనింగులో ఏం వచ్చింది, ఎవరు ఎప్పుడు కూర్చోబెట్టుకుంటారు అని మాట్లాడుకోవడం.

మొదటి మీటింగుకి నేను డైరీ, పెన్ను పట్టుకుని వెళ్లాను. ప్రిన్సిపాల్ లిస్టు తీసి, నా వైపు చూసి, ఇబ్బందిగా మొహం పెట్టింది. వేరేవాళ్ల పిల్లల రికార్డులు నాకు చూపించకూడదు, 1974 నాటి ఫెర్పా చట్టం. పేర్లు రాసుకుందాం అన్న మాటకి అందరికంటే గట్టిగా తలూపింది నేనే, పేర్లు తీసేసరికి నన్నే బయటికి పంపారు. హాల్లో కిండర్‌గార్టెన్ పిల్లల కుర్చీలున్నాయి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఒకదాంట్లో కూర్చున్నాను. గోడ మీద పిల్లలు గీసిన నెమళ్లో కోళ్లో తెలియని పక్షులు. లోపల నవ్వులు వినపడ్డాయి, తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. ఒక్క గ్రేడ్‌కి గంట పట్టింది.

తలుపు తీసుకుని ముందు రిటైర్డ్ టీచరు వచ్చారు. చేతిలో ఒక ఫారం, వాలంటీర్ల బ్యాక్‌గ్రౌండ్ చెక్‌ది. ‘సోమ, మంగళ, గురువారాలు పొద్దున్న అరగంట నీకు వీలవుతుందా?’ అన్నారు. అవుతుందన్నాను. ఎవరితో కూర్చోవాలని అడిగాను.

‘ముందు ఇది నింపి తీసుకురామ్మా, అప్పుడు చెప్తా’ అన్నారు.